చీటీలో రాయనిది.. కోడ్‌లోకి రాదు!

మా జేజి ఓపీ చీటీ ఒకటి ఇప్పటికీ నా ఫైల్లో ఉంది. కడప జిల్లాలోని మా పల్లె నుంచి ఆటోలో తీసుకెళ్లి చూపించిన రోజుది. అప్పటికే జేజి ముందుకు బాగా ఒంగిపోయి, నేల చూసుకుంటూ నడిచేది. ఊళ్లో అందరూ గూని అనేవాళ్లు. చీటీ మీద మాత్రం ‘లో బ్యాక్ పెయిన్’ అని ఒకే ముక్క ఉంది. దాని కింద మాత్రల పేర్లు. అంతే.

ఆ చీటీలో ఏం లేదో నాకు చాలా ఏళ్ల తర్వాత, మెడికల్ కోడింగ్ నేర్చుకునేటప్పుడు అర్థమైంది. ఆ సంగతి చివర్లో చెబుతా. ముందు మీ సంగతి.

డిగ్రీ, బీటెక్, బీఫార్మసీ ఆఖరి ఏడాదిలో ఉన్నారా? అయితే ‘మెడికల్ కోడింగ్ నేర్చుకోండి, నెలలో జాబ్’ అనే మెసేజ్ మీ వాట్సాప్‌కి ఈపాటికే వచ్చి ఉంటుంది. అది నిజమేనా? ఈ పని ఎవరికి సరిపోతుంది? డబ్బు కట్టే ముందు ఏం చూసుకోవాలి? నేను కర్నూలులో బీటెక్ ఈసీఈ చదివి ఈ దారిలోకి వచ్చినవాణ్ని. అన్నీ కలిపి చెబితే ఏదీ గుర్తుండదు. అందుకే వెన్నెముక వంపులు అనే ఒక్క అంశం తీసుకుని పని ఎలా ఉంటుందో చూపిస్తా. నచ్చితే ముందుకెళ్లండి. నచ్చకపోతే కనీసం ఫీజు మిగులుతుంది.

అసలు పని ఏంటంటే..

అమెరికాలో ఒక రోగిని చూశాక డాక్టర్ రికార్డు రాస్తారు. ఏం జబ్బు, ఏం పరీక్ష, ఏం చికిత్స అన్నీ అందులో ఉంటాయి. బీమా కంపెనీ డబ్బు ఇవ్వాలంటే ఆ మాటలన్నీ కోడ్‌లుగా మారాలి. ఆ రికార్డు చదివి, సరైన కోడ్ ఎంచుకునేవారే మెడికల్ కోడర్. జబ్బులకు వాడేది ఐసీడీ-10-సీఎం. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఐసీడీ-10కి ఇది అమెరికా రూపం. అక్కడ 2015 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. చేసిన వైద్యానికి, ఆపరేషన్లకు సీపీటీ అని వేరే కోడ్‌లుంటాయి.

పేరులో కోడింగ్ ఉంది కదా అని జావా, పైథాన్ అనుకోకండి. ఇది చదివే పని. ఇంగ్లిష్‌లో రాసిన వైద్య రికార్డును నింపాదిగా, లైను లైనూ చదవగలగాలి.

వెన్ను మూడు రకాలుగా..

వెన్నెముక పక్కనుంచి చూస్తే ఎవరికైనా కాస్త వంపుగానే ఉంటుంది. అది సహజం. మెడలో 7, ఛాతీ భాగంలో 12, నడుములో 5 పూసలు, వాటి కింద త్రికం ఎముక. ఈ వంపు హద్దు దాటితే జబ్బు అవుతుంది. పక్కకు ఒంగి, కాస్త మెలి తిరిగితే స్కోలియోసిస్. ముందుకు ఎక్కువగా ఒంగితే కైఫోసిస్, అంటే మనం గూని అనేది. నడుము లోపలికి మరీ ఎక్కువగా వంగితే లార్డోసిస్.

స్కోలియోసిస్‌ను ఎక్స్‌రే మీద కొలుస్తారు. వంపులో పైన, కింద బాగా వాలిన పూసలు చూసి, వాటి అంచుల వెంట గీతలు గీస్తారు. ఆ గీతల మధ్య కోణమే కాబ్ యాంగిల్. 1948లో ఈ పద్ధతిని వివరించిన అమెరికన్ సర్జన్ జాన్ రాబర్ట్ కాబ్ పేరు దానికి వచ్చింది. కోణం 10 డిగ్రీలు, ఆపైన ఉంటే స్కోలియోసిస్ అంటారు. టెన్త్ జామెట్రీ బాక్స్ గుర్తొచ్చింది కదూ!

కోడ్‌ను విప్పి చూద్దాం

ఇంజినీరింగ్ వాళ్లకి ఇది తేలిగ్గా ఎక్కుతుంది. ఐసీడీ కోడ్ ఒక చెట్టు. ఒక్కో అక్షరం, ఒక్కో అంకె దగ్గర ఒక్కో కొమ్మ చీలుతుంది. ఎం41.124 తీసుకోండి.

‘ఎం’ అంటే ఎముకలు, కండరాల అధ్యాయం. ‘41’ అంటే స్కోలియోసిస్. చుక్క తర్వాత ‘1’ అంటే బాల్యంలో, కౌమారంలో వచ్చే ఇడియోపతిక్ రకం. ఇడియోపతిక్ అంటే ఫలానా కారణం అని తేలనిది. తర్వాతి ‘2’ కౌమారాన్ని చెబుతుంది. చివరి ‘4’ ఛాతీ భాగాన్ని చెబుతుంది. అదే నడుము భాగమైతే చివర ‘6’ వస్తుంది, కోడ్ ఎం41.126 అవుతుంది.

గమనించారా? కోడ్‌లో రకం ఉంది, చోటు ఉంది. కాబ్ యాంగిల్‌కి మాత్రం స్థానం లేదు. వంపు కుడికా ఎడమకా అన్నదీ లేదు. అలాగని అవి రికార్డులో అక్కర్లేదని కాదు. ఎదిగే పిల్లలకు బ్రేస్ వేయాలా, ఆపరేషన్ చేయాలా అనే నిర్ణయానికి డాక్టర్ ఆ కోణాన్నే చూస్తారు. బీమా కంపెనీ ఆ చికిత్స అవసరమా అని అడిగినప్పుడు సమాధానం రికార్డులోనే దొరకాలి. కోడ్ ఆ రికార్డుకు తలుపు మీద పేరు లాంటిది.

నేను ఫెయిలైన చార్టు

హైదరాబాద్‌లో ఒక కంపెనీ ఇంటర్వ్యూ. అమీర్‌పేటలో మూడు నెలలు కోర్సు చేసి వెళ్లాను. ఒక చార్టు ఇచ్చి కోడ్ రాయమన్నారు. 14 ఏళ్ల అమ్మాయి. కాబ్ యాంగిల్ 32 డిగ్రీలు. డాక్టర్ డయాగ్నసిస్ దగ్గర రాసింది ఒకే మాట: స్కోలియోసిస్.

నేను తెలివైనవాణ్ని కదా! వయసు 14, అంటే కౌమారం. వేరే కారణం ఏమీ కనిపించలేదు, అంటే ఇడియోపతిక్. ఎక్కువమందికి ఛాతీ భాగంలోనే కదా అనుకుని ఎం41.124 అని ధీమాగా రాసేశాను.

ఇంటర్వ్యూ చేస్తున్న మేడమ్ కాగితం నా వైపు తిప్పి, “అడోలసెంట్ ఇడియోపతిక్ అని డాక్టర్ ఎక్కడ రాశారో చూపించండి” అన్నారు.

“వయసు 14 కదా మేడమ్..”

“వయసు మీరు చూశారు. రకం డాక్టర్ చెప్పాలి. మీరు చెప్పకూడదు.”

సరైన జవాబు ఎం41.9. అంటే రకం, చోటు చెప్పని స్కోలియోసిస్. ఉద్యోగం రాలేదు. కర్నూలు బస్సులో తిరిగొస్తూ ఆ మాటే నెమరేసుకున్నాను. ఈ వృత్తి మొత్తం ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. ఆ అమ్మాయికి నేను ఊహించిన రకమే ఉండొచ్చు. కానీ కోడర్ ఊహించి రాసిన కోడ్ రేపు బీమా కంపెనీ ఆడిట్‌లో నిలబడదు. పైగా లేని జబ్బు ఆ రోగి చరిత్రలో శాశ్వతంగా చేరిపోవచ్చు. ఊహించి ఎక్కువ రాయడం, బద్ధకంతో తక్కువ రాయడం రెండూ తప్పే. డాక్టర్ వివరంగా రాసినా ఎం41.9 వేసేస్తే అదీ తప్పే.

కాలు జారే నాలుగు చోట్లు

1. పుట్టుకతో వచ్చిందా? పూసలు సగమే ఏర్పడటం లాంటి ఎముక లోపంతో పుట్టుకతో వచ్చిన స్కోలియోసిస్ అని డాక్టర్ రాస్తే ఎం41 వైపు వెళ్లకూడదు. అది క్యూ76.3. ఎం41 కింద ‘ఎక్స్‌క్లూడ్స్1’ అనే నోటు ఈ సంగతే చెబుతుంది. అంటే ఆ రెండూ ఒకే వంపుకి కలిపి రాయకూడదన్నమాట. పుస్తకంలో కోడ్ ఒక్కటే చూసి, కింద నోటు చదవనివాళ్లు ఎక్కువగా పడేది ఇక్కడే.

2. రెండు వంపులూ ఉంటే? పక్కకూ, ముందుకూ ఒంగితే కైఫోస్కోలియోసిస్. ఎం40 ఒకటి, ఎం41 ఒకటి వేయాలనిపిస్తుంది. అక్కర్లేదు. అది ఎం41లోనే కలిసి ఉంది.

3. వేరే జబ్బు వల్ల వచ్చిందా? సెరిబ్రల్ పాల్సీ, పోలియో లాంటి వాటివల్ల వచ్చిన న్యూరోమస్కులర్ స్కోలియోసిస్‌కి ఎం41.4 కుటుంబం. దాంతోపాటు మూల జబ్బు కోడ్ కూడా ఇవ్వాలి. మన దేశంలో ఎక్కువగా చూసే వెన్నెముక క్షయ వల్ల గూని వస్తే, ఇండెక్స్ మిమ్మల్ని ఏ18.01కి తీసుకెళ్తుంది.

4. ‘అనుమానం’ అని రాస్తే? ఓపీ రికార్డులో డాక్టర్ ‘ప్రాబబుల్’, ‘సస్పెక్టెడ్’ అని రాస్తే ఆ జబ్బు కోడ్ ఇవ్వకూడదు. ఖాయంగా తెలిసిన లక్షణాన్ని, అంటే నొప్పినో మరొకదాన్నో కోడ్ చేయాలి. ఆస్పత్రిలో చేరి డిశ్చార్జి అయినవాళ్లకు నియమం వేరు. అందుకే ముందు ఇది ఓపీనా, ఐపీనా అని చూసుకోవాలి.

అడగడం కూడా పనే

రికార్డులో వివరం చాలకపోతే ఏం చేయాలి? డాక్టర్‌ని అడగాలి. దీన్నే క్వెరీ అంటారు. మీరు చాలావరకు టీమ్ లీడ్ ద్వారా పంపుతారు. కానీ ఎలా అడుగుతున్నామన్నది ముఖ్యం. ‘ఇది అడోలసెంట్ ఇడియోపతిక్ స్కోలియోసిస్ అని రాయండి’ అని అడగకూడదు. అది జవాబు మీరే నోట్లో పెట్టడం. ‘రోగి వయసు 14. ఎక్స్‌రేలో కాబ్ యాంగిల్ 32 డిగ్రీలు. డయాగ్నసిస్‌లో స్కోలియోసిస్ అని ఉంది. మీ వైద్య అభిప్రాయం ప్రకారం రకం, భాగం స్పష్టం చేయగలరా?’ అని అడగాలి. ఉన్న ఆధారాలు ముందుంచి, నిర్ణయం డాక్టర్‌కి వదిలేయాలి. ఇలాంటి క్వెరీ రాయగలిగినవాళ్లు కొన్నేళ్లకు క్లినికల్ డాక్యుమెంటేషన్, ఆడిట్ విభాగాల వైపు ఎదుగుతారు.

మన నీళ్లకూ ఒక కోడ్

కోర్సులో ఎముకల అధ్యాయం తిప్పుతుండగా ఒక పేరు దగ్గర ఆగిపోయాను. ఎం85.1, స్కెలెటల్ ఫ్లోరోసిస్. అమెరికా చార్టుల్లో అది కనిపించడం చాలా అరుదు. కానీ మనకు తెలియని జబ్బా ఇది? తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఏళ్ల తరబడి ఎముకల్లో చేరి, కీళ్లు బిగిసి, వెన్ను బిర్రబిగుసుకుపోయి, ముదిరితే గూని పడుతుంది. మన దేశంలో దీని గురించి 1937లోనే వైద్య పత్రికలో రాశారు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెలను చూసి రాసిందది. నల్గొండ బాధ అందరికీ తెలుసు. కర్నూలు, కడప జిల్లాల్లోనూ కొన్ని ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ హద్దు దాటి ఉంది. మన దేశ ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్లు దొరకనిచోట 1.5 వరకు ఒప్పుకుంటారు.

స్కెలెటల్ ఫ్లోరోసిస్ వల్ల ఛాతీ భాగంలో కైఫోసిస్ వచ్చిందని డాక్టర్ రాశారనుకోండి. ఎం85.1తో మొదలయ్యే కోడ్ ముందు వస్తుంది. ఆ తర్వాత ఎం40.14, అంటే వేరే జబ్బు వల్ల ఛాతీ భాగంలో వచ్చిన కైఫోసిస్. మూల జబ్బు ముందు రాయాలని ఎం40 దగ్గర నోటు ఉంటుంది. గూని అన్న ఒక్క మాట వెనక ఉన్న కారణాన్ని కోడ్ ఇలా బయటపెడుతుంది. దాన్ని బయటపెట్టే అవకాశం ఇచ్చేది మాత్రం డాక్టర్ రాసే రెండు లైన్లే.

ఇక ఉద్యోగం సంగతి

ఎవరికి: లైఫ్ సైన్సెస్, ఫార్మసీ, నర్సింగ్, ఫిజియోథెరపీ వాళ్లకు ముందు పిలుపు వస్తుంది. శరీర నిర్మాణం వాళ్లకు ముందే తెలుసు కాబట్టి. వేరే డిగ్రీల వాళ్లను తీసుకునే కంపెనీలూ ఉన్నాయి, అందరూ కాదు. నోటిఫికేషన్‌లో అర్హత చదివాకే దరఖాస్తు చేయండి.

ఎక్కడ: ఎక్కువగా హైదరాబాద్, చెన్నై, బెంగళూరు. కర్నూలు, కడప వాళ్లు మొదటి ఉద్యోగానికి ఊరు దాటక తప్పదు. ఇంటి నుంచి పనిచేసే అవకాశం సాధారణంగా అనుభవం వచ్చాకే.

సర్టిఫికెట్: ఎక్కువగా అడిగేది ఏఏపీసీ సంస్థ ఇచ్చే సీపీసీ. 100 ప్రశ్నలు, 4 గంటలు, 70 శాతం వస్తే పాస్. కోడ్ పుస్తకాలు చూసి రాయొచ్చు. చూసి రాయడమే కదా అని తేలిగ్గా తీసుకోకండి. టైమ్ సరిపోక పోయినవాళ్లు చాలామంది. అనుభవం లేకుండా పాసైతే పేరు చివర ‘ఏ’ తగిలిస్తారు, అప్రెంటిస్ అని. పని అనుభవం చూపించాక అది తీసేస్తారు. పరీక్ష ఫీజు డాలర్లలో ఉంటుంది కాబట్టి కొందరు ముందు ట్రెయినీగా చేరి, జీతం మొదలయ్యాక రాస్తారు. అదీ మంచి దారే.

కష్టం: రోజుకి ఇన్ని చార్టులని టార్గెట్ ఉంటుంది. చాలాచోట్ల 95 శాతం కచ్చితత్వం అడుగుతారు. తొలి జీతం సాఫ్ట్‌వేర్ జీతంతో పోల్చుకుంటే నిరాశే మిగులుతుంది. నియమాలు ఏటా మారుతాయి. ఉదాహరణకి నడుము నొప్పికి ఎం54.5 అనే కోడ్ ఉండేది. 2021 అక్టోబరు 1న దాన్ని మూడుగా విడదీశారు. ఆ రోజు తర్వాత పాత కోడ్ వేస్తే క్లెయిమ్ వెనక్కి రావాల్సిందే. అన్నట్టు, ఎనిమిది గంటలు స్క్రీన్ ముందు ఒంగి కూర్చుంటే మీకే ఎం40.0 అవసరం పడొచ్చు. అది కూర్చునే తీరు వల్ల వచ్చే గూని కోడ్. మధ్యలో లేచి నడవండి!

ఫీజు కట్టే ముందు: వంద శాతం ఉద్యోగం అన్నవాళ్లను, ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి. చివరి బ్యాచ్‌లో ఎవరికి ఎక్కడ వచ్చిందో అడిగి, వాళ్లలో ఇద్దరితో మాట్లాడండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతుల్లోనూ పెట్టకండి. ఉద్యోగం ఇస్తామని డిపాజిట్ అడిగితే అక్కడితో ఆపేయండి. మొత్తం ఐసీడీ-10-సీఎం జాబితా, దాని అధికారిక నియమావళి అమెరికా ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. కోర్సుకి ముందు రెండు వారాలు వాటిని చదివి చూడండి. నిద్ర రాకపోతే ఈ పని మీకు సరిపోతుంది.

ఏఐ వస్తే పోతుందా?

రికార్డు చదివి కోడ్ సూచించే సాఫ్ట్‌వేర్లు ఇప్పటికే వాడుకలో ఉన్నాయి. తేలికైన చార్టులు ముందుగా వాటి చేతుల్లోకి వెళ్తాయి. దాచాల్సిన పనిలేదు. కానీ మెషీన్ చేసే తప్పు నేను ఇంటర్వ్యూలో చేసినదే. వయసు చూసి, అలవాటు చూసి, లేని మాటను ఉన్నట్టు అనుకుంటుంది. ‘ఎక్కడ రాశారో చూపించు’ అని దాన్ని నిలదీసే మనిషి కావాలి. కోడ్‌లు బట్టీపట్టినవాళ్లకు కష్టం. నియమం చదివి, కారణం చెప్పగలిగినవాళ్లకు పని ఉంటుంది.

పని మన దగ్గరా ఉంది. ఎన్టీఆర్ వైద్య సేవ కింద అనుమతి కావాలంటే నెట్‌వర్క్ ఆస్పత్రులు రిపోర్టులు, కేసు వివరాలు ఆన్‌లైన్‌లో పెట్టాలి. 2021లో మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద 14 అంకెల ఆభా నంబరుతో రికార్డులు డిజిటల్ అవుతున్నాయి. రికార్డు సరిగా చదవడం, రాయించడం తెలిసినవాళ్లు ఇక్కడా కావాలి.

మీరే ప్రయత్నించండి

మూడూ ఓపీ చార్టులే. ఒకటి: 15 ఏళ్ల అబ్బాయి, ‘అడోలసెంట్ ఇడియోపతిక్ స్కోలియోసిస్, లంబార్’. రెండు: 13 ఏళ్ల అమ్మాయి, ‘నడుము నొప్పి, స్కోలియోసిస్ అనుమానం, ఎక్స్‌రేకి పంపాం’. మూడు: 40 ఏళ్ల వ్యక్తి, ‘కైఫోస్కోలియోసిస్’.

జవాబులు: మొదటిది ఎం41.126. రెండోదానికి స్కోలియోసిస్ కోడ్ ఇవ్వకూడదు, నడుము నొప్పి కోడ్ మాత్రమే. మూడోది ఎం41 కుటుంబం, ఎం40 కాదు. మూడూ కరెక్టా? అయితే ఇంటర్వ్యూలో అప్పటి నాకంటే మీరే ముందున్నారు.

జేజి చీటీ

ఇక మొదట్లో ఆపిన మాట. జేజి పోయిన తర్వాత మా ఊరి బోరు నీళ్లు పరీక్ష చేస్తే ఫ్లోరైడ్ ఎక్కువని తేలింది. రెండో ప్రయత్నంలో ఉద్యోగం తెచ్చుకుని, ఆర్థో చార్టులు చేస్తున్న రోజుల్లో ఒక సెలవు రోజు ఆ చీటీ తీసి ముందు పెట్టుకున్నాను. ఎం85.1 ఇవ్వాలని ఎంత ఉందో! ఆ ఒంగిన వెన్ను నేను కళ్లారా చూశాను. ఆ నీళ్లు నేనూ తాగాను. అయినా ఇవ్వలేను. ఫ్లోరోసిస్ అని ఎవరూ రాయలేదు. కైఫోసిస్ అని కూడా రాయలేదు. మేడమ్ ప్రశ్న నాకూ వర్తిస్తుంది. అది నిజంగా ఫ్లోరోసిస్సేనా అన్నది ఎక్స్‌రే తీసి డాక్టర్ చెప్పాల్సిన మాట. ఆ చీటీకి దక్కేది ఎం54.50 మాత్రమే. కారణం చెప్పని నడుము నొప్పి.

సరైన కోడ్ పడినా జేజి వెన్ను నిలబడేది కాదు. కానీ ఫ్లోరోసిస్ నివారణకు 2008-09 నుంచి కేంద్రానికి ఒక జాతీయ కార్యక్రమం ఉంది. ఏ ఊళ్లో ఎంతమంది అని లెక్క తీయాలంటే ఇలాంటి చీటీలే ఆధారం. జేజి పరీక్ష చేయించుకుని, అది అదేనని తేలి ఉంటే, ఊరి నీళ్ల గురించి ఆ చీటీ ఒక్క మాట చెప్పి ఉండేది.

మీరు రేపు హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చుని ఎక్కడో ఒహాయోలో ఉన్న పద్నాలుగేళ్ల అమ్మాయి చార్టు తెరుస్తారు. ఆమె ముఖం మీకు కనిపించదు. కాగితం మీద ఉన్నదంతా చదవండి. లేనిది కలపకండి. చాలనిది అడగండి.